ఎవరికెలా చెప్పాలో

కోటు ఇస్త్రీ చేసేటప్పుడు భుజాల మీద తడిగుడ్డ పరచాలి. వేడిపెట్టె నేరుగా పెట్టి రుద్దితే బట్ట మెరుపెక్కి పాతదని తెలిసిపోతుంది. నేను గుడ్డ పిండి పరుస్తుంటే మా ఆయన బనియనుతో అద్దం ముందు నిలబడి, మర్నాటి క్లాసులో చెప్పాల్సింది సాధన చేస్తున్నాడు.

"అందరినీ ఒకే గాటన కట్టకూడదు. మనిషిని చూసి మాట, పనిని చూసి పద్ధతి. నాయకత్వమంటే అదీ!" చేతిని గాలిలో అలాగే ఆపి అద్దంలోంచి నన్ను చూశాడు. "ఎలా ఉంది?"

"బాగుంది" అన్నాను.

బాగుండకేం, ఆ మాట నాది. పోయిన వానాకాలంలో డ్యూటీ నుంచి వచ్చి, కాళ్ళు పీకుతుంటే వంటింటి గుమ్మానికి ఆనుకుని నిలబడి నేనే అన్నాను. అప్పుడాయన టీ గ్లాసు పట్టుకుని "ఊఁ, తర్వాత?" అన్నాడు. ఆ "తర్వాత?" అన్న మాట కోసం నేను కొన్నేళ్ళు బతికాను. దినమంతా పదిమందికి జవాబు చెప్పి ఇంటికి వచ్చే ఆడదాన్ని తర్వాతేమైందని అడిగేవాళ్ళు ఎవరుంటారు? మా అత్తయ్య అడిగేది ఒకటే: "వచ్చావా? స్టవ్ వెలిగించనా, నువ్వే వెలిగిస్తావా?" ఆవిడ వెలిగించిన రోజు నాకు గుర్తు లేదు.

పెద్దాసుపత్రిలో, నెలలు నిండకుండా పుట్టిన పిల్లల వార్డుకి నేను ఇన్‌చార్జిని. అరచేతిలో ఇమిడిపోయే పిల్లలు. గాజుపెట్టెల్లో, ముక్కులో గొట్టాలతో, ముసలివాళ్ళ మొహాలతో పడుకుని ఉంటారు. వాళ్ళని చూసుకోవడం కష్టం కాదు, వాళ్ళని చూసుకునే మనుషుల్ని చూసుకోవడం కష్టం. మా వార్డులో పెద్దక్క అని అందరూ పిలిచే సిస్టరు ఉంది. నాకంటే ముందు నుంచీ అక్కడ ఉంది. ఆవిడకి "ఇలా చెయ్యి" అని చెప్పామా, ఆ రోజు ఏ పనీ కాదు. "అక్కా, ఇదెలా చేద్దామంటావ్?" అని అడిగితే కొండనైనా మోస్తుంది. ఆయాకి పని చెప్తే చాలదు, ఎందుకో కూడా చెప్పాలి. అందరూ చెయ్యమనేవాళ్ళే తప్ప ఎందుకో చెప్పినవాళ్ళు ఆమె జన్మలో లేరు. ఇక పిచ్చుక. కొత్తగా చేరిన నర్సుకి మేం పెట్టిన ముద్దుపేరు. గుప్పెడు మనిషి, గొంతు పెంచితే చేతులు వణుకుతాయి. ఆమెకి ముందు నేను చేసి చూపించాలి. తర్వాత ఆమె చేస్తుంటే నేను చూడాలి. ఆ తర్వాత వీపు తిప్పి నిలబడాలి, చెవులు మాత్రం అటే ఉంచి. బిడ్డ ఊపిరి ఆగి నీలం రంగుకు తిరిగినప్పుడు ఈ మర్యాదలేవీ ఉండవు. "పట్టుకో, తియ్యి, జరుగు", అంతే. ప్రాణం నిలబడ్డాక ఎందుకు అరిచానో పక్కన కూర్చుని చెప్పాలి. అరవడమెంత అవసరమో ఆ కూర్చోవడమూ అంతే అవసరం.

దీనికి నాయకత్వమని పేరుందని నాకు తెలీదు. మగ డాక్టర్లు దీన్ని నేను అరిచినప్పుడు గయ్యాళితనమనీ, నెమ్మదిగా చెప్పినప్పుడు చేతకానితనమనీ అనేవాళ్ళు. మా సూపరింటెండెంట్ మేడమ్ అయితే ఎప్పుడూ ఒకటే మాట: "నీకు నవ్వు తక్కువమ్మా."

ఇవన్నీ ఆయనకి చెప్పడం ఎప్పుడు మొదలైందంటే, ఆయన అమ్మకాల ఉద్యోగం ఊడినప్పుడు. గోడవైపు తిరిగి పడుకుని లేచేవాడు కాదు. "వాణ్ణేమీ అనకు. మగాడు కుంగితే ఇల్లు కుంగిపోతుంది" అనేది అత్తయ్య. ఇల్లు ఎవరి జీతం మీద నిలబడి ఉందో ఆవిడ నోట ఒక్కసారీ రాలేదు. నేను కొన్నాళ్ళు ఆయన్ని కదపకుండా వదిలేశాను. కొన్నాళ్ళు బతిమాలాను. ఒకసారి గట్టిగా కోప్పడితే అన్నం కంచం తోసేశాడు. ఆఖరికి ఓ సాయంత్రం ఏమీ తోచక, మంచం పక్కన కూర్చుని మా ఆయా ఎవరో పెద్ద డాక్టర్ని బూట్లతో లోపలికి రానివ్వకుండా గుమ్మంలోనే నిలబెట్టేసిన సంగతి చెప్పాను. గోడవైపు నుంచి చిన్న నవ్వు వినిపించింది. తర్వాత మనిషి ఇటు తిరిగాడు.

అప్పట్నుంచి రోజూ ఒకటి. నేను వంట చేస్తూ చెప్పేదాన్ని, ఆయన స్టూలు మీద కూర్చుని వినేవాడు. చెయ్యి అందిస్తే బాగుండుననిపించేది గానీ, మనసు అందించాడు కదా అనుకునేదాన్ని. మా పెళ్ళిలో నాకు దక్కిన సుఖమేదైనా ఉంటే ఆ వంటింట్లోనే ఉంది. కొన్నాళ్ళకి స్నేహితుడెవరో కంపెనీ వాళ్ళకి ఒక క్లాసు చెప్పమన్నాడు. వెళ్ళాడు, చప్పట్లు కొట్టించుకుని వచ్చాడు. ఇంకో కంపెనీ, ఇంకో కంపెనీ. ఈ కోటు కూడా అప్పుడు కొన్నదే. కాగితం మీద నాలుగు గళ్ళు గీసి చూపించేవాడు. పని రానివాడికి ఆదేశం, వస్తున్నవాడికి నేర్పు, వచ్చి భయపడేవాడికి తోడు, వచ్చీ ఇష్టపడేవాడికి అప్పగింత. ఇంట్లో నా వరకూ ఎప్పుడూ ఆ నాలుగో గడే. గ్యాసు అయిపోయినా, అత్తయ్య కంటి ఆపరేషనైనా, కూతుర్ని హాస్టల్లో చేర్చడమైనా "నువ్వు చూసుకుంటావులే." పని వచ్చో రాదో చూశాడు గానీ ఇష్టమో కాదో అడిగిన పాపాన పోలేదు.

ఈసారి క్లాసు మా ఆసుపత్రిలోనే. సూపరింటెండెంట్ మేడమే పిలిపించారు. "మీవారు బయట అంత పేరున్న మనిషట! ఇంట్లో దీపం పెట్టుకుని ఊరంతా వెతికాం చూడు" అన్నారు. సగం మందికి ఒక రోజు, మిగతా సగానికి మరుసటి నెల.

మొదటి రోజు నేను మూడో వరసలో కూర్చున్నాను. పిచ్చుక నా వెనక వరసలో ఉంది. కోటు ఆయనకి బాగా అమిరింది. మైకు పట్టుకుంటే మనిషి పొడుగైపోతాడు. పెద్దక్క సంగతి "ఒక ఫ్యాక్టరీలో సీనియర్ మెకానిక్" అయి వచ్చింది. ఆయా సంగతి "ఒక హోటల్లో క్లీనర్" అయింది. పెద్దక్క తనని తాను గుర్తుపట్టక పగలబడి నవ్వింది. నేనూ నవ్వాను. పోనీలే, పనికొచ్చాయి కదా అనుకున్నాను.

అప్పుడాయన గొంతు తగ్గించాడు.

"ఒక ఆసుపత్రిలో జరిగింది చెప్తాను. ఒక ఇన్‌చార్జి నా దగ్గరికి సలహాకి వచ్చింది..."

వెనక్కి తిరిగి పిచ్చుకని చూడలేకపోయాను.

చలికాలంలో ఒక బిడ్డ పోయింది మా వార్డులో. ఊపిరి ఆగిన క్షణాన పిచ్చుక చేతిలో గాలితిత్తి ఉంది. బిడ్డ ముక్కు మీద పెట్టి ఒత్తాలి. ఒత్తలేదు. చేతులు ముందుకు చాచి బొమ్మలా ఉండిపోయింది. నేను "జరుగు!" అని అరిచి మోచేత్తో తోసేసి తిత్తి లాక్కున్నాను. చాలాసేపు ఒత్తాను. బిడ్డ దక్కలేదు. ఎవరు ఒత్తినా దక్కేది కాదని డాక్టరుగారు రెండుసార్లు చెప్పారు. పిచ్చుక కనిపించలేదు. వెతికితే దుప్పట్ల గదిలో, మూటల మధ్య మోకాళ్ళలో తల పెట్టుకుని ఉంది. తలుపు మూసి పక్కన నేల మీద కూర్చున్నాను. అప్పుడు చెప్పింది. చిన్నప్పుడు అమ్మ పనికి వెళ్తూ తమ్ముణ్ణి ఒళ్ళో పెట్టి వెళ్ళిందట. జ్వరం పిల్లవాడు. ఒళ్ళోనే పోయాడట. తనకి తెలియక అమ్మ వచ్చేదాకా జోకొడుతూనే ఉందట. "ఇవాళ మళ్ళీ వాడే కనిపించాడు మేడమ్, చేతులు రాలేదు" అంది. ఇంటికొచ్చి నేను స్టవ్ ఆపేసి ఏడ్చాను. ఆయన నా తల నిమిరాడు. పెళ్ళయ్యాక అడక్కుండా తల నిమిరింది బహుశా అదే.

మైకులో ఆయన అదంతా చెప్పాడు. చెప్పడం కాదు, చేసి చూపించాడు. రెండు చేతులూ ముందుకు చాచి, నోరు తెరిచి, కళ్ళు మిటకరించి, బొమ్మలా. హాలు ఘొల్లుమంది. వాళ్ళని మాత్రం ఏమనాలి? అది ఎవరో, ఎక్కడో అనుకున్నారు. తర్వాత తమ్ముడి సంగతి చెప్పాడు. ఎక్కడ నవ్వించాలో, ఎక్కడ కళ్ళు తడపాలో ఆయనకి బాగా తెలుసు. "ఆ ఇన్‌చార్జితో నేనన్నాను: ముందు కేకెయ్యి, తర్వాత పక్కన కూర్చో. ఆమె అలాగే చేసింది. ఈ రోజు ఆ నర్సు బంగారంలా పనిచేస్తోంది!"

చప్పట్లు. నా వెనక కుర్చీ కిర్రుమంది. నేను తిరిగి చూసేసరికి తలుపు దగ్గర పిచ్చుక వీపు మాత్రం కనిపించింది.

లేచి వెళ్ళబోతే సూపరింటెండెంట్ మేడమ్ చెయ్యి పట్టుకున్నారు. "విన్నావా? అలా ఉండాలి వార్డు నడపడమంటే. ఇంట్లోనే గురువుని పెట్టుకుని నేర్చుకోకపోతే ఎలాగమ్మా!"

పిచ్చుక దుస్తులు మార్చుకునే గదిలో ఉంది. ఏడవడం లేదు. బూటు లేసు కట్టుకుంటోంది, విప్పుతోంది, మళ్ళీ కట్టుకుంటోంది.

"ఆ రోజు దుప్పట్ల గదిలో మనిద్దరమే ఉన్నాం కదా మేడమ్" అంది.

"అవును."

"తమ్ముడి ఊసు మా అమ్మ కూడా ఎత్తదు. మీకు చెప్పాను."

ఏ పద్ధతిలో మాట్లాడాలి ఆమెతో? నా దగ్గరున్నవన్నీ వెతికాను. మోకాళ్ళ మీద కూర్చుని, "మా ఆయన దగ్గర నా గుండె బరువు దించుకున్నానమ్మా. ఆయన దాన్ని ఇలా బజారులో పెడతాడనుకోలేదు. నన్ను క్షమించు" అన్నాను. ఆమె నన్ను చూడలేదు. "మీరు వీపు తిప్పి నిలబడ్డప్పుడు కూడా నన్ను చూస్తున్నట్టే ఉండేది మేడమ్. ధైర్యంగా ఉండేది. ఇప్పుడు భయమేస్తోంది" అంది.

ఆ వారంలోనే వేరే వార్డుకి మార్పించుకుంది.

ఇంట్లో అడిగాను. గొంతు పెంచకుండా, ఆయనకి నచ్చే వేళ చూసి, కాఫీ ఇచ్చాక అడిగాను. చూశారా, అప్పుడు కూడా మనిషిని చూసే మాట!

"పేరు చెప్పలేదుగా?" అన్నాడు.

"తన బతుకు తను గుర్తుపట్టడానికి పేరెందుకండీ?"

"నువ్వు మరీనూ. పదిమందికి ఉపయోగపడే విషయం. అయినా మొగుడూ పెళ్ళాల మధ్య నీది నాది ఏంటి?"

అత్తయ్య టీవీ గొంతు తగ్గించి మరీ అందుకుంది. "మొగుడు నలుగురిలో పైకొస్తుంటే ఓర్చుకోలేని ఆడదాన్ని నిన్నే చూశానమ్మా."

"మీరు సలహా ఇచ్చానన్నారు. మీరెప్పుడిచ్చారు?"

"కథకి అలా ఉంటే బలం వస్తుంది." అంతలోనే, నిజంగానే తెలుసుకోవాలన్నట్టు అడిగాడు. "ఇంతకీ ఆ అమ్మాయితో ఏం చేశావ్?"

ఆ గొంతు మెత్తగా ఉంది. పాత వంటింటి గొంతు. నా మనసు ఎంత వెర్రిదంటే, అప్పుడు కూడా కరిగింది. "క్షమించమని అడిగాను" అన్నాను.

ఆయన కళ్ళు మెరిశాయి. "అబ్బ! కింద పనిచేసేవాళ్ళని నాయకుడు క్షమాపణ అడగడం! దీన్ని ఆఖర్న పెడితే హాలు లేచి నిలబడుతుంది." ఫోను కోసం జేబు తడుముకున్నాడు.

అప్పుడు తెలిసింది. ఆ స్టూలు మీద కూర్చున్న మనిషి నన్ను వినలేదు. ఏ రోజూ వినలేదు. ఏరుకున్నాడు.

ఆ తర్వాత రోజులు ఎలా గడిచాయో చెప్పడానికి నాకు మాటలు చాలవు. వార్డులో నేను అడుగుపెడితే గుసగుసలు ఆగిపోయేవి. పెద్దక్కకి విషయం చేరింది. సరదాగానే అంది గానీ ఒళ్ళు కాలేలా అంది: "నీతో ఏదన్నా అంటే రేపు మైకులో వస్తుందేమోనమ్మా, నోరు కట్టేసుకున్నాం." ఎవరి మనసు వాళ్ళు మూసుకున్నాక, ఎవరికి ఎలా చెప్పాలో నాకు మాత్రం ఎలా తెలుస్తుంది? అందరితో ఒకేలా మాట్లాడటం మొదలుపెట్టాను. "ఇది చెయ్యండి. అది చెయ్యండి." పనులు జరిగేవి. తప్పులూ జరిగేవి, వాటిని నాకు కనబడకుండా దాచేవాళ్ళు. పసిపిల్లల వార్డులో దాచిన తప్పంటే ఏమిటో తలుచుకుని, డ్యూటీ అయిపోయాక కూడా ఒక్కో పెట్టె దగ్గరా ఆగి చూసి వచ్చేదాన్ని.

ఇంట్లో నేను మాట్లాడటం మానేశాను. దాన్ని ఆయన అలక అనుకున్నాడు, అత్తయ్య పొగరు అనుకుంది. కూతురు ఫోను చేసి "ఎలా ఉన్నావమ్మా?" అంటే బాగున్నానని చెప్పాను. ఒకరోజు బస్సులో మా స్టాపు వచ్చినా దిగలేదు. మా వీధి వెనక్కి పోతుంటే కిటికీలోంచి చూస్తూ కూర్చున్నాను. చివరికి బస్సు ఒక ఖాళీ స్థలంలో ఆగింది. "అమ్మా, ఆఖరి స్టాపు. దిగాలి" అన్నాడు కండక్టరు. "దిగితే ఎక్కడికి వెళ్ళాలి?" అని అడిగాను. అతను తికమకపడి, "మీకు ఎక్కడికి వెళ్ళాలో మీరు చెప్పాలి గదమ్మా" అన్నాడు. అదే బస్సులో వెనక్కి వచ్చాను.

రెండో క్లాసు రోజున సూపరింటెండెంట్ మేడమ్ నన్ను ముందుగా పిలిచారు. "మీవారిని నువ్వే పరిచయం చెయ్యి. నాలుగు మంచి మాటలు చెప్పి బొకే ఇవ్వు. బాగుంటుంది." నేను ఆవిడకి అంతకుముందే విషయం చెప్పి చూశాను. ఆ కథ నాదనీ, ఒక పిల్ల దెబ్బతిందనీ చెప్పాను. "మీ ఆలూమగల గొడవలు ఇక్కడికి తేవద్దు" అన్నారు. ఇప్పుడు ఆలూమగల అన్యోన్యతను మాత్రం ఇక్కడికే తెమ్మంటున్నారు.

బొకే పట్టుకుని మైకు ముందు నిలబడ్డాను. ఆయన కోటు సర్దుకుంటూ చిరునవ్వు సిద్ధం చేసుకున్నాడు. ఏం చెప్పాలో నేను అనుకుని రాలేదు. మైకులో నా ఊపిరి నాకే వినిపిస్తోంది.

"ఈయన నా భర్త" అన్నాను. "పోయిన క్లాసులో ఈయన ఒక బిడ్డ సంగతి చెప్పారు. మీదాకా వచ్చే ఉంటుంది. ఆ బిడ్డ మా వార్డులో పోయింది. ఆ రోజు అక్కడ డాక్టరుగారున్నారు, ఒక సిస్టరుంది, నేనున్నాను. ఈయన లేరు. ఈయన నాకు ఏ సలహా ఇవ్వలేదు. ఇంటికెళ్ళి నేను ఏడిస్తే విన్నారు. అంతే."

బొకే బల్ల మీద పెట్టి, ఎవరి మొహమూ చూడకుండా వార్డుకి వెళ్ళిపోయాను. తర్వాత సంగతి అక్కడున్నవాళ్ళ దగ్గర విని పెద్దక్క చెప్పింది. "మా ఆవిడకి వేళాకోళం ఎక్కువ" అని నవ్వాడట. ఎవరూ నవ్వలేదట. నాలుగు గళ్ళూ గీసి తొందరగా ముగించేశాడట. ఇది చెప్పి పెద్దక్క వెంటనే వెళ్ళిపోలేదు. గాజుపెట్టె తుడుస్తున్నట్టుగా అక్కడే కాసేపు తచ్చాడి, "పొద్దున మూడో పెట్టెలో బిడ్డకి పాలు ఎక్కువ పోశాం. నీకు చెప్పలేదు. ఇప్పుడు బాగానే ఉంది" అంది. నేను వెళ్ళి ఆ బిడ్డని చూసి వచ్చాను. ఎన్నాళ్ళకో ఒకళ్ళు నాకు ఒక తప్పు చెప్పారు.

పిచ్చుక మాత్రం తిరిగి రాలేదు. నేనన్న మాటలు ఆమెకి చేరాయో లేదో తెలీదు. చేరినా ఏం మారుతుంది? తమ్ముణ్ణి నలుగురి ముందూ పరిచేశాక మళ్ళీ మడిచి దాచుకోగలదా?

ఆ సాయంత్రం ఇంటికి వెళ్ళేముందు నర్సుల హాస్టల్ వార్డెన్‌ని ఒక మంచం ఖాళీ ఉందా అని అడిగాను. ఉందంది. ఎన్నాళ్ళకని అడిగింది. తెలీదన్నాను.

నేను బీరువా తెరిచి చీరలు సంచిలో పెట్టుకుంటుంటే ఆయన కోటు విప్పకుండానే గుమ్మంలో నిలబడ్డాడు. వెనక అత్తయ్య. ఆవిడ "నవ్వులపాలు చేసింది, నవ్వులపాలు" అని గోడకి చెప్పుకుంటోంది.

"నా పొట్ట మీద కొట్టావు" అన్నాడు ఆయన. "ఆయా దగ్గర్నుంచి డాక్టరు దాకా ఒక్కొక్కరికీ ఒక్కోలా నచ్చజెప్తావే! ఎవరికెలా చెప్పాలో అంత తెలిసినదానివి, కట్టుకున్న మొగుడికి చెప్పే పద్ధతి ఇదా?"

సంచి మూతి ముడి పడటం లేదు. రెండోసారి ప్రయత్నిస్తే పడింది.

"మీతో మిగతా పద్ధతులన్నీ అయిపోయాయండీ" అన్నాను. "ఇదొక్కటే మిగిలింది."